పైది పోయింది, నడిపిది వచ్చింది

ఇళ్ళల్లో పిల్లలకు ఉన్నట్టే విమానాలకు కూడా వరసలుంటాయని మా మనవరాలు ఆ ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది. దాని పని విమానాలు అద్దెకివ్వడం. టిక్కెట్టు కొనుక్కుని వందమందితో కలిసి ఎక్కేవి కావు. ఊరికి పోవడానికి కారు మాట్లాడుకున్నట్టు మొత్తం విమానాన్నే మనకోసం మాట్లాడుకోవడం. ఆఫీసులో వాటికి ఇంగ్లీషులో బారెడేసి పేర్లున్నాయి. ఫోన్లు చేసే పెద్దవాళ్ళకు నోరు తిరగదని వీళ్ళు తెలుగులో పిలుచుకుంటారు. దగ్గరి ఊళ్ళకు పోయేది చిన్నది, దాని తర్వాతది నడిపిది, దానికన్నా ఒక మెట్టు ఎక్కువది పైది, భూమికి ఆ చివరి వరకైనా పోయేది పెద్దది. పైదాన్ని కాగితాల మీద సూపర్ మిడ్‌సైజ్ అంటారట.

"అంటే ఏమిటే?" అని అడిగాను.

"నడిపిదే అమ్మమ్మా, కాస్త ఒళ్ళు చేసింది" అంది.

మేం ముగ్గురం. పెద్దక్క, నడిపక్క, నేను. పెద్దక్క పోయి చాలా ఏళ్ళయింది. నడిపక్క మనిషి పొడుగు. చిన్నప్పుడు అటక మీది సామాను అందుకోవాలంటే అందరూ దాన్నే పిలిచేవాళ్ళు, బయటివాళ్ళు నిచ్చెన అనేవాళ్ళు. పెళ్ళయ్యాక సముద్రం అవతలికి పోయింది. అక్కడ బావగారూ అదీ కలిసి బొత్తాల ఫ్యాక్టరీ పెట్టారు. ఆల్చిప్పతో చేసినవి, కొమ్ముతో చేసినవి, చెక్కవి, గాజువి. దాని ఉత్తరం వచ్చిందంటే కవరు గలగలలాడేది. బావగారు పోయాక ఫ్యాక్టరీ అమ్మేసింది. ఆ తర్వాత స్నానాలగదిలో జారిపడి వెన్నుపూసకు ఆపరేషన్ చేయించుకుంది. ఇక ఒంటరిగా ఉండడం కుదరదని తేలిపోయింది.

"నీ దగ్గరికి వచ్చేస్తానే" అంది ఫోనులో. నేను ఆ రోజే మంచం వేయించాను.

వచ్చేయడం మాటలా? డాక్టరు ఒకటే మాట చెప్పాడు. పడుకుని ప్రయాణం చేయవచ్చు, కానీ ఒక్కసారే ఎక్కాలి, ఒక్కసారే దిగాలి. దిగేటప్పుడు చక్రాలు నేలను తాకే కుదుపు ఉందే, అది రెండుసార్లు పడితే అతుకు నిలవదన్నాడు. దాని ఊరి నుంచి మామూలు విమానమైతే మధ్యలో దిగి ఇంకోటి ఎక్కాలి. అందుకే మనవరాలు లెక్కలన్నీ చూసి పైదాన్ని మాట్లాడింది. పైది మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే ఊపులో సముద్రం దాటుతుంది. "బొత్తాలు అమ్ముకున్న సొమ్ము నా వెన్నెముక మీదే ఖర్చు పెట్టుకుంటాను, మీరెవరూ నోరెత్తకండి" అంది నడిపక్క. ఇల్లు కూడా అమ్మేసింది. కొన్నవాళ్ళు సామాను దింపుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఈ ప్రయాణం తప్పితే దాన్ని అక్కడి వృద్ధుల ఆశ్రమంలో చేర్చడానికి ఆసుపత్రివాళ్ళు ఏర్పాటు చేసి ఉంచారు. "అక్కడ చేరానంటే ఇక నన్ను కదలనివ్వరే చిన్నదానా" అంది.

తీసుకురావడానికి నేనూ మనవరాలూ బయల్దేరాం. అద్దె విమానాలకు వేరే చిన్న విమానాశ్రయం ఉంటుంది. క్యూలు లేవు, అరుపులు లేవు. మెత్తటి సోఫాలు, నిలువెత్తు అద్దాలు, అద్దాల అవతల లేత ఎండలో తెల్లగా మెరుస్తూ మన విమానం. కొలనులో నిద్రపోతున్న బాతులాగా ఉంది. ఎంత ముద్దుగా ఉందో అని నేను మురిసిపోతుంటే, మనవరాలు అద్దం దగ్గర నిలబడిపోయింది.

"అమ్మమ్మా, ఇది పైది కాదు. ఇది నడిపిది."

మనవరాలు వెంటనే ఆఫీసుకు ఫోను కలిపింది. అక్కడ ఫోన్లు చూసే పెద్దమనిషిని అందరూ ఫోను బాబాయ్ అంటారు.

"బాబాయ్, పైదాన్ని ఎందుకు మార్చారు?"

"అదేమిటమ్మాయ్, నిన్న ప్రయాణమయ్యే ఆవిడే ఫోన్ చేసి మార్పించుకున్నారు కదా!" అన్నాడాయన. "ఎవరండీ, ఏం కావాలండీ అంటే, నడిపిదాన్ని అన్నారు. నడిపిదా అండీ, పైది కాదా అన్నాను. పైది పోయి చాన్నాళ్ళయిందండీ, ఇప్పుడు నడిపిదే ఉంది అన్నారు. అప్పటికీ మళ్ళీ అడిగాను తల్లీ. నడిపిదే అంటుంటే వినపడదా అని కసిరారు. ఆ తర్వాత పెట్టెలు ఎన్ని పడతాయని అడిగారు. పైది ఖాళీ అయింది కదా అని రాత్రే వేరేవాళ్ళకు ఇచ్చేశాం. వాళ్ళు దాంట్లో లోకమంతా తిరిగొస్తారట. పెద్దది కూడా ఊళ్ళో లేదు."

మనవరాలు తల పట్టుకుంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నడిపక్క తనెవరో చెప్పింది. ఆయన తనకేం కావాలో చెప్పిందనుకున్నాడు. 'నడిపిదాన్ని' అనే ఒక్క మాట రెండు పక్కలకూ సరిపోయింది. ఇక పైది పోయిందంటే, పాపం, మా పెద్దక్క.

ఆ విమానం నడిపే కెప్టెన్ ఆడపిల్లే. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చొక్కా చేతులు మడిచి, మా గోలంతా విని దగ్గరకు వచ్చి కూర్చుంది.

"బామ్మగారూ, పోయేటప్పుడు గాలి ఎదురు. మధ్యలో ద్వీపం మీద దిగి ఇంధనం పోసుకోక తప్పదు. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి నెడుతుంది. అప్పుడు బరువు బాగా తగ్గిస్తే ఆగకుండా రావచ్చు. తప్పకుండా అని మాట ఇవ్వలేను. సముద్రం మధ్యలో ఒకచోట నిర్ణయం తీసుకోవాలి. అక్కడికి చేరేసరికి గాలి సరిపోకపోతే మళ్ళీ ద్వీపానికే తిప్పేస్తాను. ఇంధనం విషయంలో నేను మొండికెయ్యను."

"బరువంటే?"

"మీ మనవరాలు రాకూడదు. మీ అక్కగారి పెట్టెలు రాకూడదు."

నేను నడిపక్కకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను.

"ఎవడే ఆ చెవిటాయన? నడిపిదాన్నండీ అని అంత స్పష్టంగా చెప్పానే!"

"అదే నీ కొంప ముంచింది."

అది పకపకా నవ్వి, వెన్ను పట్టేసినట్టుంది, మూలిగింది. అప్పుడు పెట్టెల సంగతి చెప్పాను. ఫ్యాక్టరీ అమ్మేటప్పుడు చేసిన ప్రతి రకంలో కొన్నేసి బొత్తాలు దాచుకుంది. బావగారు గీసిన నమూనాలవి. అవే పెట్టెలు.

"ఒక్కటీ పడదా?"

"పడదట."

"పోనీ చిన్న సంచీ?"

"మందుల సంచీ ఒకటి తెచ్చుకోమంటున్నారు."

అవతల బొత్తాలు గుప్పిట్లోకి తీసి మళ్ళీ పోసిన చప్పుడు వినపడింది.

"గాలి లేకపోతే మధ్యలో దిగాలన్నావు కదూ?"

"అవునక్కా. రెండు కుదుపులు."

"అది నా వెన్ను చూసుకుంటుందిలే. నువ్వు రావే."

నా కళ్ళముందే విమానంలోంచి సామాను దించారు. సోడా సీసాలు, ఐసు పెట్టె, పింగాణీ పళ్ళేలు, దొంతులు దొంతులుగా పత్రికలు. "నన్ను కూడా తూకం వేస్తావా అమ్మా?" అంటే, "మిమ్మల్ని చూసే సీసాలు దించుతున్నాం" అంది కెప్టెన్. మనవరాలు మెట్ల దగ్గర నన్ను పట్టుకుని వదల్లేదు. "ఏడవకే, నీ కన్నీళ్ళ బరువు కూడా నా మీద పడుతుంది" అని ఎక్కేశాను.

అంత విమానంలో నేను ఒక్కదాన్నే. తోలు కుర్చీలు అటూ ఇటూ తిరుగుతాయి. తిప్పుకుని చూసుకున్నాను, ఎవరు చూడొచ్చారు? పడమటికి పోతున్నాం కాబట్టి సూర్యుడు మాతోపాటే వస్తున్నాడు. మధ్యాహ్నం ఎంతకీ అయిపోదు. కిటికీలోంచి పడిన ఎండముక్క నా ఒళ్ళోనే కూర్చుంది, చంటిపిల్లలాగా, దిగనంటూ. కింద సముద్రం ఇస్త్రీ చేసిన చీరలా ఉంది. మబ్బుల నీడలు దాని మీద మెల్లగా పాకుతున్నాయి. కళ్ళు మూస్తే మా పాత ఇంటి గది, తెరిస్తే మబ్బులు. కాసేపటికి మూస్తే ఏది, తెరిస్తే ఏది కనపడుతోందో కూడా తెలియకుండా పోయింది. పెద్దక్క ఎదుటి కుర్చీలో కూర్చుని జడ అల్లుకుంటున్నట్టు అనిపించింది. పలకరించలేదు. పలకరిస్తే పోతుందని తెలుసు.

ద్వీపం మీద దిగాం. ఒక గది, ఒక ఇంధనం లారీ, చుట్టూ నీళ్ళు. చక్రాలు నేలను తాకినప్పుడు నా పళ్ళు టకటకమన్నాయి. వెంటనే అక్క వెన్ను గుర్తొచ్చింది. మెట్ల మీద నిలబడి గాలిని చూశాను. నా కొంగు పడమటి నుంచి తూర్పుకు కొట్టుకుంటోంది. అది నాకు మంచిదే. "రేపు కూడా ఇలాగే వీచు తల్లీ" అని గాలినే బతిమాలుకున్నాను.

ఆ రాత్రికి అక్క ఊరు చేరాం. మర్నాడు పొద్దున్నే విమానం దగ్గరికి అంబులెన్సులో నడిపక్కను తెచ్చారు. ఎన్నేళ్ళకు చూశానో! మొహం చిన్నదైపోయింది, పొడుగు మాత్రం అలాగే ఉంది. మెడ దాకా ఉన్ని కోటు. ఆ కోటు నిండా బొత్తాలు. ముందూ, చేతుల మీదా, కాలరు మీదా, జేబుల చుట్టూ, ఎక్కడా వేలు పెట్టే సందు లేకుండా రంగురంగుల బొత్తాలు కుట్టి ఉన్నాయి. స్ట్రెచర్ మీద అది ఊపిరి పీల్చినప్పుడల్లా గలగలమంటోంది.

కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇదేమిటండీ?"

"కోటు" అంది నడిపక్క.

"ఇన్ని బొత్తాలా?"

"చలికి సరిగ్గా మూసుకోవాలి కదమ్మా."

కెప్టెన్ మొహం అటు తిప్పుకుని నవ్వుకుంది. "సరే, ఎక్కించండి" అంది. పెట్టెలు మాత్రం రాలేదు. పక్కింటి పిల్లలకు ఇచ్చేసిందట. "ఆడుకుంటారులే. ఆయన గీసినవే, నేలపాలు కాలేదు" అంది. ఆ మాటతో కాలరు మీది బొత్తాన్ని వేలితో తడుముకుంది.

లోపల గోడ వారగా పొడుగాటి సోఫా ఉంది. పరుపు పరిచి దాన్ని పడుకోబెట్టి పట్టీలు బిగించారు. ఎంత పొడుగు సోఫా అయితేనేం, మా నిచ్చెన పాదాలు బయటికే వచ్చాయి. నేను ఆ చివరి కుర్చీలో కూర్చుని వాటిని ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. అరచేతులతో కప్పాను.

ఇప్పుడు తూర్పుకు పోతున్నాం. సూర్యుడు మాకు ఎదురొచ్చి, తొందరపనేదో ఉన్నట్టు నెత్తి మీదుగా దాటిపోయాడు. పొద్దు ఎప్పుడెక్కిందో, ఎప్పుడు వాలిందో చూసుకోనే లేదు.

"చిన్నదానా, మనం ముగ్గురం ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళం, గుర్తుందా?"

"లేకేం? నువ్వు మధ్యలో. దుప్పటి ఎప్పుడూ నీదే."

"మధ్యలో ఉన్నదానికి రెండు పక్కలా వెచ్చనే. ఇప్పుడు చూడు, ఒక పక్క నువ్వున్నావు. ఆ పక్క ఎవరూ లేరు."

"ఆ పక్క ఇంత ఆకాశం ఉంది కదక్కా."

"అది దుప్పటి లాగదులే" అంది, కళ్ళు మూసుకుని.

సముద్రం మధ్యకు వచ్చాక కెప్టెన్ విమానాన్ని తోటి పైలట్‌కు అప్పగించి లోపలి నుంచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది. "గాలి అనుకున్నంత లేదు. ఇంకొంచెం పైకి పోతే బాగుందని ముందు వెళ్ళినవాళ్ళు చెబుతున్నారు. వెళ్ళి చూస్తాను. అక్కడా లేకపోతే ద్వీపానికి తిప్పుతాను. మిమ్మల్ని మభ్యపెట్టడం నాకిష్టం లేదు."

నడిపక్క కళ్ళు తెరవకుండానే, "తిప్పాల్సి వస్తే తిప్పమ్మా. అడక్కు" అంది. దాని కాలివేళ్ళు మాత్రం నా చేతిలో బిగుసుకున్నాయి.

విమానం ముక్కు కొంచెం ఎత్తింది. కింది మబ్బులు ఇంకా కిందికి పోయి పల్చటి పాల మీగడలా పరుచుకున్నాయి. ఆకాశం నీలం ముదిరి వంకాయ రంగుకు తిరిగింది. చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. అక్క ఊపిరికి కోటు గలగలమంటోంది, అంతే. ఎంతసేపని చెప్పను? నాకు అది నా పెళ్ళికీ నా మనవరాలు పుట్టడానికీ మధ్య ఉన్నంత కాలంలా గడిచింది.

స్పీకరులో కెప్టెన్ గొంతు వినపడింది. "దొరికింది బామ్మగారూ. నెడుతోంది. నేరుగా ఇంటికే."

నా అరచేతుల్లో దాని కాలివేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

"విన్నావా అక్కా?"

భయమేసి వంగి చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లలా నిద్రపోతోంది. ఎన్ని రాత్రులు నిద్రలేదో పాపం.

దిగే వేళకు కింద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. దాని పాదాలు రెండూ నా పొట్టకు ఆనించుకుని, వచ్చే కుదుపేదో నాకే ముందు రావాలని బిగపట్టి కూర్చున్నాను. ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు అనుకుంటున్నాను. కిటికీలో చెట్లు పక్కలకు పరుగెడుతుంటే అప్పుడు తెలిసింది, మనం నేల మీదే ఉన్నామని. ఆ పిల్ల విమానాన్ని దించలేదు, పడుకోబెట్టింది.

ఆగాక తలుపు తీశారు. బయట అంబులెన్సు, మనవరాలు, చక్రాల మంచం పట్టుకుని ఆసుపత్రివాళ్ళు. మనవరాలు మెట్లెక్కి తల లోపలికి పెట్టి, "అమ్మమ్మా, దించమంటావా?" అంది.

నేను వేలు పెదాల మీద పెట్టాను.

"విమానం తిరిగి ఇచ్చేయాలి అమ్మమ్మా."

"ఇద్దువుగానిలే. ముందు దాన్ని నిద్రపోనీ" అన్నాను. కెప్టెన్ కూడా టోపీ తీసి పక్కన పెట్టి, చప్పుడు కాకుండా ఎదుటి కుర్చీలో కూర్చుంది.