గట్టు మీది నుంచి పచ్చగా

"రోజంతా ఉప్పు కొలిచేదానివి, కూరలో ఎక్కువైందని తెలీలేదా?" అన్నాడు మా ఆయన. అత్తగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ జోకుకి నవ్వడం కూడా నా ఇంటిపనుల్లో ఒకటి. గిన్నెలు కడిగి, ఆవిడ మందులు మంచం పక్కన పెట్టి, ఆఫీసు జీపెక్కాను. ఆయనదీ నాదీ ఒకే ఆఫీసు. ఆయన నాకన్నా ఒక మెట్టు పైన, అందుకని ముందు సీటు ఆయనది.

ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న చిత్తడినేలను, నీళ్లలో ఉప్పు కొలుస్తూ, చూసుకోవడం మా పని. పైనుంచి మంచినీళ్లు తగ్గేకొద్దీ సముద్రం లోపలికొస్తోంది. పోయినేడు నేను నడిచిన చోటికి ఈ ఏడు పడవ కావాలి. ఏడాదిపాటు అక్కడి క్యాంపులోనే ఉండి ఈ మార్పు గమనించే మనిషిని ఎంచుకోవడానికి ఆరోజు మా పెద్ద మేడమ్ వస్తున్నారు. నాకు వెళ్లాలని ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

మా తనిఖీలన్నీ గట్టు మీది నుంచే. జమ్ముగడ్డి పచ్చగా కనిపిస్తే బతికినట్టే లెక్క. కానీ ఉప్పెక్కితే జమ్ము ముందు వేళ్లలో చస్తుంది, ఆకు మరికొన్నాళ్లు పచ్చగానే నిలబడుతుంది. వేళ్లు పట్టు వదిలాక నేల కుంగుతుంది, కుంగినచోట ఉప్పునీళ్లు నిలుస్తాయి, ఇక పక్క దుబ్బులకూ అదే గతి. ఆరోజు మేడమ్ చూస్తుండగా నేను బురదలోకి దిగి ఒక దుబ్బు పట్టి లాగాను. బలం పెట్టకుండానే ఊడొచ్చింది. వేళ్లు నల్లబడి కుళ్లువాసన కొడుతున్నాయి.

"పచ్చగానే ఉంది కదా! బాగున్నదాన్ని కెలకడం నీకు అలవాటే," అన్నాడు మా ఆయన గట్టు మీంచి.

పెళ్లయిన కొత్తలో నిద్ర పట్టడం లేదని చెబితే అత్తగారూ ఇలాగే అన్నారు. "నిక్షేపంలా ఉన్నావు, నీకేం రోగం?" అద్దంలో చూసుకుని నేనూ నిజమే కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ఎవరితోనూ ఆ మాటెత్తలేదు.

మేడమ్ నా చేతిలోని దుబ్బు వేళ్లను తిప్పి చూశారు. "క్యాంపులో మీరుంటారా?" అని నన్నడిగారు.

"కుదరదు మేడమ్," అన్నాడు మా ఆయన. "ఇల్లుంది, అమ్మ ఉంది. అయినా తనకి ఇలాంటివి ఇష్టముండవు."

నాకు ఒళ్లు మండింది. అయినా గొంతు మామూలుగానే వచ్చింది. "ఉంటాను మేడమ్. రేపే వస్తాను."

ఆయన నా వైపు తిరిగాడు. "మరి అమ్మనెవరు చూసుకుంటారు?" ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"ఆవిడకి కొడుకున్నాడు కదా," అన్నాను.