నూటనలభై నాలుగు కుట్లు

మా నరసాపురం లేసు సెంటర్‌కి ప్రోగ్రాం రాసిపెట్టింది నేనే. డిప్లొమా రెండో ఏడాదిలో జావా చెప్పారు. నాలుగు క్లాసులు కాగానే ఇక నాకు రానిదేముందనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

పని చిన్నదే. లేసు ముక్కని గుండ్రంగా, చుట్టు మీద చుట్టు అల్లుకుంటూ వస్తారు. చివరి చుట్టులో నమూనాకి ఎన్ని కుట్లుంటే అల్లినదానికీ అన్నే ఉండాలి. రెండు అంకెలూ కొడితే నా ప్రోగ్రాం పోల్చి చూసి 'సరే' అనో 'తప్పు' అనో చెబుతుంది. ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, తొంభై ఆరు కుట్ల పువ్వులతో పరీక్షించాను. అన్నిటికీ సరిగ్గా చెప్పింది. సెంటర్ చూసుకునే ప్రసన్నకుమారి గారు మెచ్చుకుని బిస్కెట్లు పెట్టారు. తిన్నాను.

సత్యకుమారి పిన్ని మా వీధిలోనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా లేసు అల్లుతోంది, పెద్ద ముక్కలు ఆవిడకే ఇస్తారు. ఈ నెలలో ఆవిడ తెచ్చిన రెండింటికీ 'తప్పు' వచ్చింది. రెండూ ఇంటికి తీసుకెళ్ళి విప్పేసింది. మూడోదీ తప్పితే ఇకమీదట చిన్న పువ్వులే ఇస్తామని ప్రసన్నకుమారి గారు చెప్పేశారు.

మూడోది తెచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ప్రసన్నకుమారి గారు కుట్లు లెక్కపెట్టి అంకెలు కొట్టారు. నమూనా 144. ముక్క 144. కింద 'తప్పు'.

"అదేంటండీ, రెండూ ఒకటేగా?" అన్నాను.

"కింద ఏం వస్తే అదే చూసుకోమని నువ్వే కదమ్మా చెప్పావు," అన్నారావిడ.

ప్రోగ్రాం తెరిచి చూశాను. జావాలో 'ఇంట్' అంటే ఉత్త అంకె. 'ఇంటిజర్' అంటే అంకెని లోపల పెట్టుకున్న డబ్బా, దాన్నే ఆబ్జెక్టు అంటారు. నేను ఇంటిజర్లు వాడి, రెండు ఈక్వల్ గుర్తులు పెట్టి పోల్చాను. అలా పోలిస్తే జావా లోపలి అంకె చూడదు, రెండూ ఒకే డబ్బానా కాదా అని చూస్తుంది. నూట ఇరవై ఏడు దాకా దాని దగ్గర డబ్బాలు సిద్ధంగా ఉంటాయి, ఎన్నిసార్లడిగినా అదే డబ్బా ఇస్తుంది. అందుకే నా పువ్వులన్నీ నెగ్గాయి. ఆ అంకె దాటితే ప్రతిసారీ కొత్త డబ్బా. రెండింట్లోనూ 144 ఉన్నా దానికి అవి వేరు వేరు. ఇంటిజర్ ఉన్నచోట ఇంట్ అని మార్చాను. 'సరే' వచ్చింది.

"తప్పు నాది పిన్నీ," అన్నాను. "ఆ రెండూ విప్పేముందు నువ్వు లెక్క చూసుకోలేదా?"

"చూసుకోకేమే? ఒక్కోదీ నాలుగేసిసార్లు చూశాను. నూటనలభై నాలుగే వచ్చేది. కంప్యూటర్ కాదంటోందంటే నా కళ్ళే పోయాయనుకున్నాను. ఇదీ తప్పితే ఇక లేసు మానేద్దామనుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ముక్కని రెండు చేతులతో పట్టుకుని, "అయితే ఇది విప్పక్కర్లేదు కదే?" అని నన్నే అడిగింది.