స్తంభం మీద పదిహేడు

పదిహేడు, ఉన్నమాటే కదా, స్తంభం మీద ఉన్నది పదిహేడే, తానేం అబద్ధం ఆడటం లేదు, అనుకున్నాడు నది మట్టం చూసి చెప్పే గేజి ఉద్యోగి, పదకొండు రోజులుగా తెరిపి లేని వాన, గొడుగు ఉన్నా లేనట్టే, చేతిలో వైర్‌లెస్ సెట్టు గరగరలాడుతోంది, పదిహేడంటే ఇంకో అడుగు వ్యవధి ఉందని ఇంజనీరు సారు ఊపిరి పీల్చుకుంటాడు, గట్టు కింది కాలనీలోనే ఆయన కొత్తిల్లు, మంచం దిగలేని తల్లి అందులోనే, కానీ నీళ్లు నిజానికి పద్దెనిమిదిలో ఉన్నాయి, పద్దెనిమిదైతే కాలనీ ఖాళీ చేయించాలి, ఆపైన గట్టు పొర్లుతుంది, కిందటేడు సారు దగ్గరుండి పాతించిన స్తంభం ఉండాల్సినదానికంటే అడుగు ఎత్తున నిలబడిపోయింది, అందుకే మట్టం అడుగు తక్కువ చూపిస్తుంది, రేవు మెట్లతో సరిచూసి తాను అప్పుడే చెప్పాడు, ఒక అడుగు కలపాలండీ అని, నిండు మీటింగులో సారు నవ్వి, పొద్దున్నే చుక్కేసుకుని చూశావా, స్తంభం మీదున్నది చెప్పవయ్యా, నీ బుర్రలో ఉన్నది కాదు అన్నాడు, జన్మలో చుక్క ముట్టనివాడికి తాగుబోతని మెమో, నది పొడవునా అన్ని గేజి స్టేషన్లలోనూ అడుగెక్కువ మామ అని పేరు, అదీ ఓర్చుకున్నాడు, కానీ ఇంట్లో కూతురు, నాన్నా, నిజంగానే తాగావా అని అడిగిందే, దాన్ని ఎలా ఓర్చుకోవడం, ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు, పడనీ, పదిహేడు సార్, అన్నాడు సెట్టులో.

సెట్టులోంచి సారు గొంతు, ఎన్నడూ లేనంత మెత్తగా, అడుగు కలిపి చెప్పావా, కలపకుండానా, అంటే తెలుసు, ఈయనకి మొదటినుంచీ తెలుసు, తెలిసే తాగుబోతును చేశాడు, ఒళ్లంతా భగ్గుమంది, ఏం కలపాలి సార్ అన్నాడు ఏమీ ఎరగనట్టు, అన్ని స్టేషన్లూ ఇదే సెట్టులో వింటున్నాయి, చెప్పు సారూ, నీ నోటితోనే చెప్పు, అనుకున్నాడు, నీళ్లు ఇంకో వేలెడు లేచాయి, లేవనీ, చెప్పు, అమ్మ లోపలుందయ్యా, అన్నాడు సారు, తప్పు స్తంభానిదే, నాదే, అడుగు కలిపి చెప్పు, పద్దెనిమిది దాటింది సార్, జనాన్ని లేపండి, అని తాను అరిచాడు, కాసేపటికి కింద సైరను మోగింది, వీధుల్లోకి మనుషులు మూటలతో, పిల్లలతో పరుగెత్తుకొస్తున్నారు, ఇన్నాళ్లూ కోరుకున్న మాట అందరి చెవినా పడింది, గెలిచాడు, కానీ ఆ మాట సారు అనకపోయి ఉంటే తాను నోరు విప్పేవాడు కాదు.