ఆరో గీత

మూడో పీరియడ్ అయ్యేసరికి నర్గీస్ గొంతు పోయింది. ఇంకా నాలుగున్నాయి. నీళ్లు తాగుదామని సీసా మూత తీసేలోగా అటెండర్ కాంతం తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"మేడమ్, వర్క్‌షాపు గచ్చంతా కడిగీసినాను. మీరు గీసిన సుద్దగీతలూ పోనాయి. ఇన్‌స్పెక్షనోళ్లు వత్తన్నారంట, మచ్చ కనపడకూడదన్నారు ప్రిన్సిపాల్ గారు."

నర్గీస్ సీసా పక్కన పెట్టేసింది. ఆ గీతలు ఐదు వారాల కష్టం.

ఇన్‌స్పెక్షన్‌లో మార్కులు పడతాయని ఆ పాలిటెక్నిక్ యాజమాన్యం ఒత్తిడి తగ్గించే కార్యక్రమం పెట్టింది. పద్దెనిమిది వేల జీతానికి రోజుకి ఏడు క్లాసులు చెప్పే నర్గీస్‌ని సీతమ్మధారలో ఒక క్లినిక్‌కి పంపి, భయాన్ని కొంచెం కొంచెంగా పోగొట్టే బిహేవియర్ థెరపీ రెండు రోజులు నేర్పించింది. ఆ పనికి వేరే టైమెక్కడిది? ఆమె భోజనపు గంటే ఇచ్చారు. పిల్లల ఒత్తిడి తగ్గించాల్సిన మనిషి నిలబడి నాలుగు ముద్దలు మింగి పరిగెత్తేది.

అయినా ఆ పద్ధతిని ఆమె మనసారా నమ్మింది. పూర్ణా మార్కెట్ దగ్గర తాళాలు బాగుచేసే నజీర్ కూతురామె. బిగుసుకున్న తాళాన్ని తండ్రి ఎన్నడూ గుద్దడు. రెండు చుక్కల నూనె వేసి ఓపిగ్గా కూర్చుంటాడు.

కీర్తన రెండో సంవత్సరం పిల్ల, రోజూ ఎలమంచిలి నుంచి రైల్లో వస్తుంది. నిరుడు ఇనుము తరిగే లేత్ మిషన్ తిరుగుతుండగా ఆమె ఏప్రన్ తాడు అందులో చుట్టుకుంది. పక్కమ్మాయి స్విచ్ ఆపబట్టి ప్రాణం దక్కింది. సిలబస్ ఆగదంటూ మర్నాడే మళ్లీ అదే మిషన్ దగ్గర నిలబెట్టారు. అప్పటినుంచీ వర్క్‌షాపు గుమ్మం చూస్తేనే ఆ పిల్లకి చెమటలు. ఈ నెలాఖరు ప్రాక్టికల్ కూడా తప్పితే చదువు మానిపిస్తామని ఇంట్లో చెప్పేశారు.

నర్గీస్ గుమ్మం నుంచి లేత్ దాకా ఆరు గీతలు గీసింది. ఒక్కో గీత మీద నిలబడి, భయం పదికి ఎంతో పైకి చెప్పాలి. సగానికి దిగితేనే తర్వాతి గీత. ఆరో గీత మీద స్విచ్ వేయాలి. మొదటిరోజు గుమ్మంలో తొమ్మిది. మొన్న శుక్రవారం మూడో గీత మీద, "మేడమ్, ఐదే!" అని నవ్వింది కీర్తన. ఆ పిల్ల నవ్వగా నర్గీస్ చూడటం అదే మొదలు.

ఆమె వెళ్లేసరికి ప్రిన్సిపాల్ ఉమాశంకర్ బల్ల మీద, ఏ గీత దాకా వచ్చిందో రాసే కీర్తన కాగితం సిద్ధంగా ఉంది. ఆరు గీతలకీ టిక్కులు పెట్టేసి ఉన్నాయి.

"సంతకం పెట్టమ్మా. మూడింటికి ఆ పిల్ల చేత లేత్ ఆన్ చేయిద్దాం. కళ్లారా చూత్తే ఆళ్లకీ బావుంటాది."

"సార్, ఇంకా మూడో గీతే అయింది. ఒక్కసారిగా తోసీసేమంటే మొత్తం పాడైపోద్ది."

"ఒక్క స్విచ్చే కదమ్మా. ఎల్లారావు గారు కూడా ఇలాగే పెతీదానికీ వాదించీవోరు."

ఎల్లారావు, అలసిపోయానని పదిహేను రోజులు సెలవడిగిన లెక్చరర్. ఇప్పుడు ఆయన కుర్చీలో వేరెవరో ఉన్నారు. నర్గీస్ సంతకం పెట్టింది. పెడుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ పెట్టింది.

మూడింటికి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. కీర్తన కడిగిన గచ్చు మీద గీతల కోసం వెతుక్కుంది. కనపడక నర్గీస్ వైపు చూసింది. నర్గీస్ వెళ్లమన్నట్టు తలూపింది. ఆ పిల్ల గచ్చంతా ఒక్క ఊపున దాటి స్విచ్ వేసింది. మిషన్ గుర్రుమంది. చప్పట్లు కొట్టి, ఫోటో తీసుకుని, పెద్దమనుషులు టీకి వెళ్లిపోయారు.

కీర్తన చెయ్యి మాత్రం స్విచ్ మీద అలాగే ఉండిపోయింది. ఆ వేళ్లని నర్గీసే ఒక్కొక్కటిగా విడదీసి మిషన్ ఆపింది.

"ఎంత?" అంది అలవాటుగా.

"పది." ఆ పిల్ల పెదాలు తెల్లబడిపోయాయి. "దిగితేనే ముందుకన్నారు కదా మేడమ్. నాను మిమ్మల్నే నమ్మినాను."

మర్నాడు కీర్తన క్లాసుకి రాలేదు. గేటు అవతల బస్టాపులో నిలబడి ఉందని కాంతం చెబితే నర్గీస్ పరుగున వెళ్లింది.

"లోపలికి రామ్మా."

"రావాలనే వచ్చినాను మేడమ్. కాళ్లు కదలట్లేదు. గేటు కాడే ఆగిపోతన్నాయి."

నర్గీస్ ఆ పిల్ల పక్కనే నిలబడింది. బెల్లు కొట్టడంతో వెనక్కి వచ్చింది. స్టాఫ్‌రూములో ఆమె బల్ల మీద వేరే పిల్లల పేర్లతో పన్నెండు కొత్త కాగితాలున్నాయి, అన్నిటికీ టిక్కులు కొట్టి. "నిన్నటిలాగే సంతకాలు పెట్టీమన్నారు," అంది కాంతం.

నర్గీస్ వాటిని పట్టుకెళ్లి ఉమాశంకర్ బల్ల మీదికి తోసింది.

"నాను పెట్టను సార్."

ఆయన తలెత్తేలోగా ఒక తెల్లకాగితం లాక్కుని రాసింది: కీర్తన. గీత సున్నా, గేటు బయట. భయం పది. కింద సంతకం పెట్టింది. "దీని మీద పెట్టినాను."

ఉమాశంకర్ కోప్పడలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ పిల్ల ఫైలు నిన్ననే ఇన్‌స్పెక్షనోళ్లతో ఎల్లిపోయిందమ్మా. దీన్నెక్కడ పెట్టమంటావు?"

నర్గీస్ కిటికీలోంచి గేటు వైపు చూసింది. రైల్వేస్టేషన్ బస్సు వచ్చి ఆగింది. అది కదిలి వెళ్లేసరికి స్టాపులో ఎవరూ లేరు.