ఫర్వాలేదు అనకూడదు

సినిమా శుక్రవారానికి గాని రాదు. సోమవారానికే ఊరు రెండు జట్లయి కూర్చుంది. చూడని సినిమా గురించి కొట్టుకోవడంలో ఉన్న సుఖం చూసిన సినిమాలో ఎక్కడుంటుంది? నీదే తప్పని తేల్చగలిగేవాడు ఎవడూ ఉండడు.

కథ చిన్నది. ఒక ఊళ్లో జనం తెల్లారి లేచేసరికి ఎవరి నోటా 'ఫర్వాలేదు' అన్న మాట రాదు. మిగతా మాటలన్నీ నిక్షేపంలా వస్తాయి, అదొక్కటే గొంతులో ఇరుక్కుంటుంది. క్షవరం చేసి అద్దం చూపిస్తే కూర్చున్నవాడు నోరు తెరిచి, మూసి, చివరికి బావురుమంటాడు. కూరెలా ఉందని కొత్త పెళ్లాం అడిగితే మొగుడు గ్లాసు దించకుండా మంచినీళ్లు తాగుతూనే ఉంటాడు. ఇంతవరకు ట్రైలర్ చూసి పడీపడీ నవ్వని వాళ్లు లేరు. పేచీ అంతా ఆఖరి ముక్కతో వచ్చింది. ఆపరేషన్ గదిలోంచి డాక్టరు బయటికొస్తాడు. రోగి తాలూకు వాళ్లు చుట్టుముట్టి ఎలా ఉందని అడుగుతారు. డాక్టరు నోరు తెరుస్తాడు, తెర నల్లబడుతుంది.

అదే అసలు జోకని సగం మంది, అలాంటిదాన్ని కామెడీ అన్నవాణ్ణి తన్నాలని సగం మంది. ఈ గొడవంతా స్కూలు బస్సు డ్రైవరు ఇంటికి రోజూ సాయంత్రం తాజాగా చేరేది, ఎందుకంటే ఆయన భార్య సినిమా హాల్లో టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది. నవ్వకపోతే రోగాలతో బతకలేమని మందుల షాపాయన ఆరు టిక్కెట్లు తీసుకున్నాడట. ఒకావిడ మాత్రం ముందే తీసుకున్న టిక్కెట్లు తెచ్చి కిటికీలోంచి తోసేసి వెళ్లిపోయిందట. ఆవిడ మూడు నెలలు ఆస్పత్రి వరండాలో గడిపిన మనిషట.

భార్య చెబుతుంటే డ్రైవరు ఊ కొట్టేవాడు. ఆ డాక్టరు ముక్క వచ్చినప్పుడల్లా చూపు పక్కకి తిప్పుకునేవాడు. పైకి నవ్వేవాడు.

సంగతేమిటంటే, రెండు నెలల కిందట కంటి డాక్టరు ఆయన ముందు ఒక కాగితం పెట్టాడు. రెండు గుండ్రాలు, వాటిలో చూపు పోయిన చోటల్లా బూడిద రంగు మచ్చలు. ఎడమ కంట్లో నరం చాలావరకు ఎండిపోయింది, కుడి కన్నూ మొదలైంది, చుక్కల మందు వేసుకుంటే మిగిలిన చూపు నిలుస్తుంది, పోయింది మాత్రం రాదు అన్నాడు. బస్సు ఇక ముట్టుకోవద్దన్నాడు. ఇంటికొచ్చాక భార్య ఆత్రంగా ఏమన్నాడని అడిగింది. 'ఫర్వాలేదన్నాడు, చుక్కలిచ్చాడు' అన్నాడు ఈయన. ఆ ఒక్క మాట మీద ఇల్లూ నడిచింది, బస్సూ నడిచింది.

దుర్మార్గుడా అంటే కాదు. ఇరవై ఆరేళ్లలో ఎవరికీ చిన్న గీత పడనివ్వని మనిషి. కాగితంలో అన్ని మచ్చలున్నాయి కదా, రోడ్డు మీద ఒక్క మచ్చయినా కనపడదేం అని ఆయన వాదన. రోడ్డు నిండుగానే ఉంది, గోడలు గోడల్లానే ఉన్నాయి. డాక్టర్లు అన్నీ పెద్దవి చేసి చెబుతారులే అనుకునేవాడు. అనుకుంటూనే అద్దాలు పొద్దున ఐదుసార్లు తుడిచేవాడు, బస్సును నత్తలా తోలేవాడు. డ్రైవరు ఎంత జాగ్రత్త మనిషో అని పిల్లల తల్లులు మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటే ఆయనకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

మంగళవారానికి ఆ సినిమా ఒక ఆటగా బస్సులోకి ఎక్కింది. ఎవరు 'ఫర్వాలేదు' అంటే వాళ్లు ఓడినట్టు. ముందు సీట్లో కూర్చునే రెండు జడల పిల్ల దీనికి నాయకురాలు. దాని నోరు బడి గేటు దాటాక గాని మూతపడదు. సినిమా బాగుంటుందని అది, చెత్తగా ఉంటుందని వెనక సీటువాళ్లు గొంతులు చించుకుంటున్నారు. అంతలో ఎడమ పక్కనుంచి ఒక స్కూటరు ఊడిపడింది. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. సంచులు కింద పడ్డాయి. స్కూటరువాడు వెనక్కి తిరిగి, కళ్లు కనపడ్డం లేదా అని తిట్టిపోయాడు. రోజూ ఎవరో ఒకరు అనే తిట్టే, ఆ రోజు తిట్టులా అనిపించలేదు.

వెనకనుంచి పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఏమైందని అడిగింది. 'ఏం లేదు, ఫర్వాలేదు' అన్నాడు.

బస్సంతా గొల్లుమంది. డ్రైవరు మామయ్య ఓడిపోయాడని చప్పట్లు. అంతమంది పిల్లలు ఒక్కసారి నవ్వుతుంటే ఆయనకు చెమటతో స్టీరింగు జారిపోయింది. స్కూటరు ఎటునుంచి వచ్చిందో ఆయనకు నిజంగా తెలియదు. లేనిది ఉన్నట్టుండి ఉంది, అంతే.

గురువారం సాయంత్రం భార్య హుషారుగా వచ్చింది. మర్నాటి ఆటలన్నీ నిండిపోయాయి. పడుకునేదాకా ఇంట్లోనూ ఆ మాట అనకూడదని పందెం వేసింది. కూరెలా ఉందంది. ఉప్పు ఎక్కువైందన్నాడు. ముప్పై ఏళ్లకు నోరు విప్పారని పగలబడి నవ్వింది. తర్వాత చుక్కల సీసా తెచ్చి, ఆయన తల వెనక్కి వంచి, అదే నవ్వుతో అడిగింది.

"కన్నెలా ఉందండీ? ఆ మాట మాత్రం అనకూడదు."

'బాగుంది' అనొచ్చు. ఎవరూ అడ్డం రాలేదు. కానీ 'ఫర్వాలేదు' అన్నది ఆయన దృష్టిలో అబద్ధం కాదు. సగం ఏడుపునీ సగం ధైర్యాన్నీ ఒకే మూటలో కట్టి ఇచ్చే మాట అది. 'బాగుంది' అంటే పచ్చి అబద్ధం. అంత అబద్ధం ఆయన ఈవిడతో ఎప్పుడూ ఆడలేదు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

ట్రైలర్లో డాక్టరును అనుకరిస్తున్నాడనుకుని ఆవిడ ఇంకా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగింది. చుక్క కంట్లో కాక చెంప మీద పడింది.

"బస్సు నడపొద్దన్నాడు," అన్నాడాయన.

"ఎప్పుడు?"

"రెండు నెలలైంది."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ మంచం అంచున కూలబడింది.

"బస్సులో ఎంతమంది పిల్లలు?"

"నలభై ఒక్కరు."

ఆవిడ ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. బస్సులు చూసుకునే సూపర్‌వైజరుకు ఆయన అంతా చెప్పేశాడు. స్టాపులు తెలియని కొత్తవాణ్ణి పంపుతాను, రేపొక్కరోజు పక్కన కూర్చుని దారి చూపించమన్నాడు అవతలివాడు.

శుక్రవారం పొద్దున్నే హాలు ముందు జనం బారులు తీరారు. బస్సు దాన్ని దాటుకుని వెళ్లింది. నడపకుండా కూర్చోవడం ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి. భయం కొంచెం తగ్గింది. తప్పు ఒప్పుకున్నాను కదా, ఇక ఏ గండమూ లేదు అనుకున్నాడు. ఒక్కొక్క మలుపూ చెబుతూ వచ్చాడు. పాల డిపో దగ్గర ఇద్దరు. వంతెన దిగాక ముగ్గురు. పసుపు గోడ మలుపులో ఒక్కతే, రెండు జడల పిల్ల.

మలుపు వచ్చింది. పసుపు గోడ ఉంది, స్తంభం ఉంది, మూసిన గేటు ఉంది.

"ఇవాళ రాలేదు. సినిమాకి మానేసినట్టుంది. పోనియ్," అన్నాడు.

కొత్తవాడు బ్రేకు వేశాడు.

"ఉంది కదన్నా. అదిగో."

ఆయన మెడ తిప్పాడు. ఉంది. బస్సు ముందు చక్రానికి రెండు అడుగుల దూరంలో, ఒక కాలు అప్పటికే రోడ్డు మీద పెట్టి, సంచి సర్దుకుంటూ. పోయిన నెలలో రెండుసార్లు ఈ మలుపులో ఎవరూ లేరని ఆపకుండా వెళ్లిపోయాడు. లేరనే అనుకున్నాడు.

తలుపు తెరిచి మెట్టు దిగి దాని చెయ్యి పట్టుకున్నాడు. అది నవ్వుతూ ఎక్కి, ఇవాళ మీరు నడపట్లేదేం అని అడిగింది. ఆయన పట్టు ఇంకా బిగించాడు.

"మామయ్యా, చెయ్యి వదలండి, నొప్పిగా ఉంది."