డ్రమ్ములో ఏమి వేసినావు

తమిళనాడులోని ధర్మపురి దగ్గర, పాలకోడు రోడ్డు పక్కనున్న ఒక షెడ్డులో పాత టైర్లను పెద్ద ఇనుప డ్రమ్ములో వేసి, గాలి చొరకుండా మూసి, కింద మంట పెడతారు. రబ్బరులోని నూనె ఆవిరై గొట్టం గుండా బయటికి పోతుంది. డ్రమ్ములో నల్లటి పొడి మిగులుతుంది. కొత్త టైర్ల తయారీలో ఆ పొడి కలుపుతారు. అయితే అది పూర్తిగా అరిగిన టైర్ల నుంచే వచ్చిందని సర్టిఫికెట్ లేనిదే టైరు కంపెనీ లారీని గేటు లోపలికి రానివ్వదు.

ఆ సర్టిఫికెట్ పని మీదే చెన్నై నుంచి కవిప్రియ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పొద్దున డ్రమ్ము నోటి దగ్గర నిలబడి, లోపలికి తోసిన ప్రతి టైరునూ చూసింది. తలుపు బిగించాక షెడ్డు యజమాని గుణశేఖర్ ఆమెను ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు. అతని చెల్లెలు వినోదిని డ్రమ్ము దగ్గరే ఉండిపోయింది. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అన్నతో కలిసి ఈ షెడ్డు పెట్టిన మనిషి ఆమె.

మధ్యాహ్నం భోజనాల వేళకు ప్రెషర్ మీటరు ముల్లు పైకి లేవడం మొదలైంది. వినోదిని గాజు మీద వేలితో తట్టి చూసింది. ముల్లు దిగలేదు. గొట్టం చివర తొట్టిలో పడాల్సిన నూనె సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

"దొరసామి మామా, మంట ఆపు," అంది.

మంట దగ్గర పనిచేసే దొరసామి తటపటాయించాడు. "అన్నను ఒక మాట అడగొద్దా తల్లీ?"

"ఆపు మామా. అందరినీ గేటు బయటికి పంపు."

మంట ఆగింది. కానీ డ్రమ్ము చుట్టూ కట్టిన ఇటుకలు నిప్పుల్లా ఉన్నాయి. ఆ వేడికే లోపల ఆవిరి పుడుతూనే ఉంది. పక్కనున్న సేఫ్టీ వాల్వు తెరుచుకోవాల్సింది, తెరుచుకోలేదు. దాని నోరు కూడా దేనితోనో పూడుకుపోయింది.

గుణశేఖర్ పరుగున వచ్చాడు. వెనకే కవిప్రియ.

"ఎందుకు ఆపినావు?" గొంతు తగ్గించి అడిగాడు. "ఆ మేడమ్ కళ్ల ముందర బ్యాచ్ ఆపితే ఇంకేమి మిగులుతుంది మనకు?"

"ముల్లు చూడు అన్నా."

చూశాడు. ఎర్ర గీతకు వేలెడు దూరంలో ఉంది. "నీళ్లు కొట్టించనా?"

"వద్దు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే అతుకు పగులుతుంది. లోపలి ఆవిరికి గాలి తగిలితే షెడ్డే ఉండదు." ఆమె పైన గొట్టం మలుపు వైపు చూసింది. "అక్కడ అడ్డం పడింది. అది బొగ్గు మసి అయితే మనం చేసేది ఏమీ లేదు, పరుగెత్తాల. మైనం అయితే బయటి నుంచి ఆవిరి పట్టి కరిగించొచ్చు. కానీ ఒట్టి టైర్లకు మైనం రాదు."

వినోదిని అన్న వైపు తిరిగింది. "డ్రమ్ములో ఏమి వేసినావు?"

"టైర్లే కదా. మేడమ్ చూసినారు."

"మేడమ్ చూడకముందు?"

డ్రమ్ము లోపల ఎక్కడో ఇనుము సాగినట్టు మూలుగు వినిపించింది. గుణశేఖర్ ఒక్క క్షణం కవిప్రియ ముఖం చూశాడు, తర్వాత చెల్లెలి ముఖం.

"డ్రిప్ పైపులు," అన్నాడు. "ఏరియూరు నుంచి రావాల్సిన టైర్ల లోడు రాలేదు. తోటల్లో పారేసిన ప్లాస్టిక్ పైపులు నిన్న సాయంత్రమే వెనక భాగాన నింపించినాను."

ఆ మాట అతను తమిళంలో మళ్లీ చెప్పాడు, కవిప్రియ వైపు తిరిగి. తెలుగు రాని ఆమెకు అర్థం కావాలనే చెప్పాడు.

"ప్లాస్టిక్ అయితే మైనమే," అని వినోదిని గొట్టాలు కడిగే ఆవిరి పైపు అందుకోబోయింది. గుణశేఖర్ దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"నువ్వు కింద ఉండు. ఎక్కడ పట్టాలో చెప్పు."

నిచ్చెన ఎక్కాడు. ఆవిరి బుసకొట్టి అతన్ని కప్పేసింది. "మలుపు కింద," అని ఆమె కింద నుంచి చెబుతూనే ఉంది, "ఇంకా ఎడమకు, అక్కడే ఉంచు." ముల్లు ఎర్ర గీతను తాకింది. దొరసామి ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. ఆమె కదల్లేదు. పైన ఆవిరిలో అన్న చొక్కా మాత్రం మసకగా కనిపిస్తోంది.

ఉన్నట్టుండి గొట్టంలో గుటక వేసిన చప్పుడైంది. తొట్టిలోకి పసుపుపచ్చటి జిగురు ముద్దగా పడింది, దాని వెనకే నూనె ధార కట్టింది. ముల్లు వణికి, మెల్లగా దిగసాగింది.

గుణశేఖర్ నిచ్చెన దిగేసరికి అతని కుడిచేయి మోచేతి దాకా ఉడికి ఎర్రబడి ఉంది.

గేటు దగ్గర కారెక్కే ముందు కవిప్రియ తమిళంలో చెప్పింది: "సర్టిఫికెట్ ఇవ్వలేను. పైపుల సంగతి రాస్తాను. మీరే నోరు తెరిచి చెప్పారన్నదీ రాస్తాను. మీరు మళ్లీ సర్టిఫికెట్ అడిగితే వినేది వినకపోయేది పైవాళ్ల ఇష్టం."

ధర్మపురి ఆస్పత్రిలో నర్సు కట్టు కడుతుంటే గుణశేఖర్ కళ్లు మూసుకున్నాడు. "నువ్వు అట్లా అడగకపోతే చెప్పుండేవాణ్ణి కాదు," అన్నాడు.

"తెలుసు."

"కోపంగా ఉందా?"

"ఉంది. దొరసామి మామ ఆ డ్రమ్ము పక్కనే కూర్చోని సద్దన్నం తింటాడు. అది తలుచుకుంటే ఇంకా ఎక్కువవుతోంది. ఇంక లోడింగ్ నేను చూసుకుంటాను. తలుపు తాళం నా దగ్గర ఉంటుంది."

అతను తలూపాడు. ఆమె మందుల చీటీ తీసుకుని బయటికి నడిచింది. కారిడార్ సగానికి వచ్చాక ఆగి దొరసామికి ఫోన్ చేసింది. "ఇంక ఆ డ్రమ్ము పక్కన కూర్చోని తినొద్దు మామా," అంది.