గోడ జరిగిన ఇల్లు

పరుపులావిడకి పొద్దున్నే దూది ఏకడంతో పని మొదలవుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాత పరుపు విప్పి, గట్టిపడ్డ దూదిని కర్రతో కొట్టి కొట్టి మళ్ళీ పొంగేలా చేస్తుంది. మధ్యాహ్నానికి దాన్ని సంచిలో కూరి కుట్లు వేస్తుంది. భర్త పోయాక ఆ పనే ఆమెకి తిండి పెడుతోంది. ఆమె ఉండేది ఒకే కప్పు కింద రెండు వాటాలున్న ఇంట్లో. నడుమ ఒక్కటే గోడ. ఇటు ఈవిడ, అటు ఈవిడకి బావగారు, అంటే భర్త అన్న. ఆయన సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. చర్చి సంఘంలో పెద్ద. ఎవరి హద్దు ఎక్కడో ఆయన చెప్పాడంటే ఇక తిరుగులేదు.

ఆ వానాకాలం కొండల అవతల ఆనకట్ట తెగి చాలా పల్లెలు కొట్టుకుపోయాయి. అక్కడివాళ్ళు వచ్చి బస్టాండు షెడ్డులో చేరారు. వాళ్ళ మాట ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. అద్దెకి ఇల్లడిగితే తలుపులు వేసుకున్నారు. దొంగలన్నారు, రోగాలన్నారు, చూపులు బాలేవన్నారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పరుపులావిడ షెడ్డు ముందు నుంచి వస్తోంది. ఒక కోడలు పిల్ల తన మామగారి దుప్పటిని పిండి, మళ్ళీ ఆ తడి దుప్పటే ఆయనకి కప్పుతోంది. పక్కన చిన్న ఆడపిల్ల వణుకుతూ కూర్చుంది. జీవితమంతా పక్కలు కుట్టిన మనిషికి ఆ దుప్పటి చూశాక కాళ్ళు ముందుకు పడలేదు. రమ్మని చేత్తో సైగ చేసింది. వాళ్ళు చుట్టూ చూశారు, ఇంకెవర్నో పిలుస్తోందనుకుని.

ఆమె వాటాలో ఉన్నది ఒకటే గది. ఆ రాత్రి నలుగురూ మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నారు. తెల్లారేసరికి గోడ బారెడు అటు జరిగింది.

ఎదురింటావిడ తొంగి చూసి, "పాత ఇళ్ళు కదా, జరుగుతుంటాయి," అంది. మేస్త్రీ వచ్చి గోడ మీద తట్టి చూశాడు. పగులు లేకుండా శుభ్రంగా జరిగిందని మెచ్చుకుని వెళ్ళాడు. బావగారు మాత్రం టేపు పట్టుకుని వచ్చాడు.

"గోడ నా వైపు వచ్చిందమ్మా."

"చూశాను బావగారూ. మీ సామాన్లకేం కాలేదు కదా?"

"సామాన్లు బాగానే ఉన్నాయి. చోటే లేదు. వీళ్ళని పంపించెయ్, గోడ దానంతటదే వెనక్కి వస్తుంది."

"నేను జరపలేదండీ. జరిపినవాణ్ణే అడగండి. ప్రార్థనలో మీరే కదా ముందుంటారు."

ఆయన టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఇటుకల బట్టీ నుంచి గెంటేసిన అన్నదమ్ములిద్దరు వచ్చారు. వాళ్ళ వెనకే చంటిపిల్ల తల్లి. ఎవరొచ్చినా గోడ కాస్త జరిగేది. బావగారి కుర్చీ ఇటు వచ్చేసింది. ఆ తర్వాత బీరువా. పరుపులావిడ వాటిని తుడిచి, అన్నదమ్ముల చేత వీధిలోంచి మోయించి, ఆయన గుమ్మం ముందు పెట్టించేది. ఆయన వాళ్ళు వెళ్ళేదాకా తలుపు తీసేవాడు కాదు. చివరికి ఆయనకి మంచం పట్టేంత చోటే మిగిలింది. దొంగల భయంతో పట్టపగలు కూడా లోపల గడియ పెట్టుకుని ఉండేవాడు.

ఆ ఇంట్లో కుట్టిన పరుపు మాకొద్దని వీధివాళ్ళు బేరాలు మానేశారు. పరుపులావిడ నొచ్చుకుంది, కానీ చెయ్యి ఆపలేదు. ఇచ్చిన పరుపులు తిరిగి తీసుకెళ్ళనివాళ్ళ దూదితో ఇంట్లోవాళ్ళకి పక్కలు కుట్టింది. కోడలు పిల్ల పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఒక ఆదివారం అందర్నీ వెంటబెట్టుకుని ఆరాధనకి వెళ్ళి ముందు బల్లల మీదే కూర్చోబెట్టింది. ఆ బల్లల మీదున్నవాళ్ళు లేచి వెనక్కి వెళ్ళారు. ఆవిడ వాళ్ళ వైపు తిరిగి చూడకుండా పాట ఎత్తుకుంది.

ఆ వారంలోనే పాస్టరుగారు పెద్దల్ని తీసుకుని ఇంటికి వచ్చారు.

"దయ చూపించొద్దని ఎవరూ అనడం లేదమ్మా. ఊరి బయట గోడౌను ఖాళీగా ఉంది. లారీ మాట్లాడాం. శనివారం వీళ్ళని అక్కడికి చేరుద్దాం."

"ఆ గోడౌనుకి కప్పు లేదు పాస్టరుగారూ."

"నెమ్మదిగా వేయిద్దాం."

"వాన నెమ్మదిగా కురుస్తానందా?" అందావిడ. "దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి చూసి పక్కకి తప్పుకుపోయింది దేవుడి పని మీద పోతున్నవాళ్ళేనని మీరే ప్రసంగంలో చెప్పారు. అందరం తలలూపాం. ఇప్పుడు మనం తప్పుకుపోదామంటారా?"

"అది వేరమ్మా."

"ఎలా వేరో చెప్పండి, వింటాను."

పాస్టరుగారు పెద్దల వైపు తిరిగారు. పెద్దల్లో ఒకాయన గొంతు పెంచాడు. "మాట వినకపోతే సంఘంలోంచి తీసెయ్యాల్సి వస్తుంది."

"తీసెయ్యండి. వీళ్ళతో కలిసి ఆ బస్టాండు షెడ్డులోనే ప్రార్థన చేసుకుంటాను. ప్రభువు అక్కడికి రానంటాడా? నేను బతికుండగా ఈ ఇంట్లోంచి ఒక్క పక్క కూడా బయటికి పోదు."

బావగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "నా ఇల్లు నాకు కావాలి, అంతే," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటికి కొత్తగా ఎవరూ రాలేదు. అయినా గోడ జరిగింది.

కుట్టుపని చేసుకుంటున్న కోడలు పిల్ల తలెత్తింది. గోడ వదిలిన చోట బావగారు నేల మీద పడి ఉన్నాడు. మూతి వంకర పోయింది. ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆమె కేక విని అందరూ పరిగెత్తుకొచ్చారు. అన్నదమ్ములు ఆయన్ని ఎత్తి పరుపు మీద పడుకోబెట్టారు. పరుపుకి రెండు మూలలు అన్నదమ్ములు, ఒక మూల పరుపులావిడ, ఒక మూల కోడలు పిల్ల పట్టుకున్నారు. దారిలో ఏ బండీ ఆగలేదు. పరుపుతోనే ఆసుపత్రిదాకా పరిగెత్తారు. వెనకాల ముసలి మామగారు, ఎందుకో ఆయనకే తెలీదు, బావగారి చెప్పులు చేతపట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

డాక్టరు చూసి, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు. గోడ జరగకపోతే, లోపల గడియ పెట్టుకున్న మనిషి పడిపోయాడని గోడకి ఇవతల ఎవరికి తెలిసేది?

ఆసుపత్రిలో కోడలు పిల్ల చెంచాతో పాలు పట్టబోతే బావగారు మొదట మొహం తిప్పేసుకున్నాడు. ఆ పిల్ల చెంచా దించలేదు. చాలాసేపటికి ఆయన నోరు తెరిచాడు. కళ్ళ నుంచి కారిన నీళ్ళని ఆ పిల్లే తుడిచింది, మామగారికి తుడిచినట్టే.

ఆయన ఇంటికి వచ్చేసరికి అవతలి వాటా అంటూ ఏమీ మిగల్లేదు. గోడకి అటు పెరడే. వరసలో ఇంకో పరుపు వేసి ఆయన్ని పడుకోబెట్టారు.

ఆయన జబ్బు వల్ల ఆగిన లారీ మళ్ళీ వచ్చింది. పాస్టరుగారూ పెద్దలూ దిగారు. పరుపులావిడ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. "నన్ను తొక్కుకుంటూ వెళ్ళండి," అంది.

గొంతు పెంచిన పెద్దాయన ఆమె భుజం మీదుగా లోపలికి చూసి, "సర్వేయరుగారూ, ఫిర్యాదు మీది. మీరొక్క మాట అనండి, ఇల్లు ఖాళీ చేయిస్తాం," అన్నాడు.

బావగారు బాగున్న చెయ్యి ఎత్తాడు. మాట కూడదీసుకోడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. అందరూ ఆగారు.

"లారీ... తెచ్చారా?"

"తెచ్చామండీ."

"అయితే ముందు... నన్నెక్కించండి."

"మిమ్మల్నెందుకండీ?" అన్నారు పాస్టరుగారు.

"నేనూ... చోటు లేక... వచ్చినవాణ్ణే."

ఆ మాటల్లో కోడలు పిల్లకి ఒక్కటీ అర్థం కాలేదు. కానీ ఆయన లేవాలని చూస్తున్నాడని తెలిసింది. వెళ్ళి ఆయన్ని లేపి, వీపు వెనక దిండు పెట్టి, నిటారుగా కూర్చోబెట్టింది. ఆయన అలా కూర్చుని, వాళ్ళు మొహాలు తిప్పుకునేదాకా, వీధిలో లారీ వెనక్కి మళ్ళేదాకా, వాళ్ళనే చూస్తూ ఉన్నాడు.